ఉత్తరం ఎవరి ఇంట ఉండాలి?

2025 జూలై 18న ఐరోపా సమాఖ్య రష్యాపై పద్దెనిమిదో విడత ఆంక్షలు ప్రకటించింది. రష్యా చమురు సంస్థ రాస్‌నెఫ్ట్‌కు దాదాపు సగం వాటా ఉన్న నయారా ఎనర్జీ గుజరాత్ తీరాన వాడినార్‌లో నడుపుతున్న చమురుశుద్ధి కర్మాగారం కూడా ఆ జాబితాకెక్కింది. రోజుల వ్యవధిలోనే ఆ కంపెనీ ఉద్యోగుల ఈమెయిల్ ఖాతాలు మూతపడ్డాయి. భారతదేశంలో నమోదై, భారత చట్టాలకు లోబడి నడుస్తున్న సంస్థకు, రుసుము చెల్లించి తీసుకున్న సేవను మైక్రోసాఫ్ట్ నిలిపివేసింది. నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. నెలాఖరుకు సేవ తిరిగి మొదలైంది.

ఆ వారం జరిగిన చర్చ అంతా డిజిటల్ సార్వభౌమత్వం చుట్టూ తిరిగింది. అది అవసరమైన చర్చే. అయితే అందులో ఒక చిన్న ప్రశ్న మరుగున పడింది. న్యాయవాదులను పెట్టుకుని హైకోర్టుకు వెళ్లగలిగిన సంస్థకే ఇంత అవస్థ తప్పకపోతే, ఒక మామూలు కుటుంబం సంగతేమిటి? బ్యాంకు నుంచి, బీమా సంస్థ నుంచి, విశ్వవిద్యాలయం నుంచి, దూరదేశాన ఉన్న పిల్లల నుంచి ఇరవై ఏళ్లుగా వచ్చిన ఉత్తరాలు ఇప్పుడు ఎక్కడున్నాయి? వాటి ప్రతి ఒక్కటైనా ఆ ఇంట్లో ఉందా?

ఇంటి కంప్యూటర్‌లో ఏ ఈమెయిల్ ప్రోగ్రాం పెట్టుకోవాలన్న ప్రశ్న, పైకి చూస్తే, దుకాణంలో అడిగే ప్రశ్నలా కనిపిస్తుంది. దాని చరిత్ర తిరగేస్తే మాత్రం అది ఉత్తరం మీద హక్కు ఎవరిదన్న రాజకీయ ప్రశ్నగా తేలుతుంది.

తీగకు గుచ్చిన ఉత్తరం

తెలుగు ఇళ్లలో ఒకప్పుడు దూలానికో గోడమేకుకో ఒక వంపు తిరిగిన ఇనుప తీగ వేలాడుతూ ఉండేది. వచ్చిన కార్డునూ కవరునూ చదివి దానికి గుచ్చేవారు. తీగ నిండితే ఆ కట్ట ట్రంకుపెట్టెలోకి వెళ్లేది. పొలం తగాదా వచ్చినా, పెళ్లి సంబంధం మాట తప్పినా, అప్పు తీరిందో లేదో తేల్చవలసి వచ్చినా ఆ కట్ట విప్పేవారు. తపాలా శాఖ పని ఉత్తరాన్ని గుమ్మం దాకా చేర్చడంతో ముగిసేది. ఆ తర్వాత దాని మీద తపాలా శాఖకు ఏ హక్కూ లేదు, ఏ బాధ్యతా లేదు.

ఈ దేశ రాజకీయ చరిత్రలో పెద్ద భాగం అలాంటి పెట్టెల్లోంచే వచ్చింది. 1956లో మొదలై వంద సంపుటాలకు చేరిన మహాత్మాగాంధీ సంపూర్ణ రచనల్లో ఉత్తరాల పాలు ఎంతో ఎక్కువ. వాటిని అందుకున్నవారు దాచుకున్నందువల్లే అవి సంపాదకులకు దొరికాయి. జవహర్‌లాల్ నెహ్రూ 1958లో ప్రచురించిన పాత ఉత్తరాల సంకలనంలో ఎక్కువ భాగం ఇతరులు ఆయనకు రాసినవే. ఉత్తరం రాసినవారి అభిప్రాయం మారినా, ప్రభుత్వం మారినా, అందుకున్నవారి ఇంట్లో ఉన్న కాగితం మారలేదు. చరిత్రకారులకు అదే ఆధారం.

ఈమెయిల్ పుట్టినప్పుడు ఈ సంప్రదాయం ఏమీ చెదరలేదు. 1971లో అమెరికాలోని కేంబ్రిడ్జి పట్టణంలో రే టామ్లిన్సన్ పక్కపక్కనే ఉన్న రెండు యంత్రాల మధ్య, అర్పానెట్ ద్వారా తొలి సందేశం పంపారు. గ్రహీత పేరుకూ యంత్రం పేరుకూ నడుమ ఆయన ఉంచిన గుర్తు ఇప్పటికీ ప్రతి చిరునామాలోనూ ఉంది. 1982లో జొనాథన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీ నియమావళి ఉత్తరాన్ని ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మోసే పద్ధతిని స్థిరపరచింది. 1984లో వచ్చిన పాప్ నియమావళి పేరులోనే తపాలా కార్యాలయం ఉంది. సర్వర్ తపాలా కార్యాలయం. ఇంటి కంప్యూటర్ అక్కడికి వెళ్లి, తనకు వచ్చినవి తీసుకుని, ఇంటికి తెచ్చుకుంటుంది. తెచ్చుకున్నాక తపాలా కార్యాలయంలో ఆ ఉత్తరం ఉండనవసరం లేదు. ఇనుప తీగ తర్కమే ఇది.

1986: నాలుగు ఘటనల ఏడాది

ఒకే ఏడాదిలో, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా జరిగిన నాలుగు ఘటనలు ఈ తర్కాన్ని మార్చే దారిని వేశాయి.

మొదటిది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో. మార్క్ క్రిస్పిన్ ఐమ్యాప్ అనే కొత్త పద్ధతిని రూపొందించారు. ఇందులో ఉత్తరాలు సర్వర్‌లోనే ఉంటాయి. ఏ కంప్యూటర్ నుంచి చూసినా అదే పెట్టె, అదే వరుస కనిపిస్తుంది. ఒకచోట తొలగిస్తే అన్ని చోట్లా తొలగిపోతుంది. రెండు మూడు యంత్రాల మీద పనిచేసే పరిశోధకులకు ఇది ఎంతో సౌకర్యం. ఉత్తరం ఉండే చోటు మాత్రం ఇంటి నుంచి గిడ్డంగికి మారింది.

రెండోది వాషింగ్టన్‌లో. అమెరికన్ కాంగ్రెస్ ఆ ఏడాది అక్టోబరులో ఎలక్ట్రానిక్ సమాచార గోప్యతా చట్టం చేసింది. సర్వర్‌లో 180 రోజులు దాటి నిల్వ ఉన్న ఉత్తరానికి అది తక్కువ రక్షణ కల్పించింది. న్యాయమూర్తి వారెంటు లేకుండానే ప్రభుత్వం దాన్ని రాబట్టవచ్చు. నాటి శాసనకర్తల ఊహ ప్రకారం కావలసిన ఉత్తరాన్ని ఎవరైనా ఇంటికి తెచ్చుకుంటారు. ఆరు నెలలైనా తెచ్చుకోనిది వదిలేసిన సామానుతో సమానం. పాప్ కాలపు అలవాటు మీద కట్టిన చట్టం, ఐమ్యాప్ కాలంలో కోట్లాది మంది ఉత్తరాలకు వర్తించింది. 2010లో వార్షాక్ కేసులో ఒక ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం వారెంటు తప్పనిసరి అని తేల్చే దాకా ఆ వ్యత్యాసాన్ని పెద్దగా ఎవరూ ప్రశ్నించలేదు.

మూడోది ఢిల్లీలో. 1898 నాటి తపాలా చట్టంలోని 26వ సెక్షన్ ఉత్తరాలను అడ్డగించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఆ అధికారాన్ని విస్తరిస్తూ తెచ్చిన సవరణ బిల్లును 1986లో పార్లమెంటు ఆమోదించింది. రాష్ట్రపతి జైల్ సింగ్ దానిపై సంతకం చేయలేదు, తిప్పి పంపనూ లేదు. తన వద్దే ఉంచేశారు. భారత రాజ్యాంగ చరిత్రలో పాకెట్ వీటోకు అదే ప్రసిద్ధ ఉదాహరణ. 1990లో ఆర్. వెంకట్రామన్ దాన్ని పార్లమెంటుకు తిప్పి పంపారు. 2002లో ఆ బిల్లు ఉపసంహరణకు గురైంది. కాగితం మీద రాసిన ఉత్తరం కోసం ఒక రాష్ట్రపతి ప్రభుత్వంతో తలపడిన సందర్భమది.

నాలుగోది బొంబాయిలో. ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1986లో ఎర్నెట్ పథకం మొదలైంది. జుహూలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రానికీ బొంబాయి ఐఐటీకీ మధ్య టెలిఫోను తీగ మీద దేశంలో తొలి ఈమెయిళ్లు నడిచాయి. భారతీయుడి ఉత్తరం కాగితాన్ని విడిచి ప్రయాణించడం అలా మొదలైంది. కాగితపు ఉత్తరానికి రాష్ట్రపతి భవన్ కాపలా కాస్తున్న ఏడాదే, ఆ కాపలా వర్తించని దారి ఒకటి తెరుచుకుంది. ఆ సంగతి అప్పట్లో ఎవరికీ స్ఫురించలేదు.

మోడెమ్ మోత కాలం

సామాన్యుడి ఇంటికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్, జనం నోట వీఎస్‌ఎన్‌ఎల్, ఆ రోజున సేవ ప్రారంభించింది. అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ ఖాతాకు 250 గంటలకు 5,000 రూపాయలు. విద్యార్థులకు తక్కువ ధర. బొమ్మలతో సహా చూపే ఖాతాకు ఇంకెంతో ఎక్కువ. షెల్ ఖాతాదారుడి ఉత్తరం ప్రభుత్వ సంస్థ యంత్రంలోనే ఉండేది. అక్కడే వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన పైన్ అనే ప్రోగ్రాంలో చదువుకోవాలి. ఎక్కువ చెల్లించినవారు ఉత్తరాన్ని నేరుగా ఇంటి కంప్యూటర్‌లోకి దింపుకోగలిగారు. ఉత్తరం ఎవరి ఇంట ఉంటుందన్నది మొదటి రోజు నుంచే చెల్లించే స్తోమత మీద ఆధారపడింది.

1998 నవంబరులో కొత్త విధానం ప్రైవేటు సంస్థలకు తలుపులు తెరిచింది. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా చెన్నై కేంద్రంగా నడిచిన సత్యం ఇన్ఫోవే తొలి ప్రైవేటు ఇంటర్నెట్ సేవా సంస్థ అయింది. ధరలు దిగాయి. కానీ ప్రతి నిమిషానికీ టెలిఫోను బిల్లు కూడా పెరిగేది. కాబట్టి మధ్యతరగతి ఇంట్లో ఒక క్రమశిక్షణ ఏర్పడింది. ముందు ఉత్తరాలన్నీ తీరిగ్గా రాసిపెట్టుకోవడం, మోడెమ్ కలిపి పంపవలసినవి పంపడం, రావలసినవి దింపుకోవడం, వెంటనే లైను తెంపేయడం, ఆ తర్వాత నెమ్మదిగా చదువుకోవడం. ఇంటి ఈమెయిల్ ప్రోగ్రాం పుట్టిందే ఈ పొదుపు కోసం.

ఆ ప్రోగ్రాంలలో మేటి యుడోరా. 1988లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డోర్నర్ దాన్ని రాశారు. తపాలా కార్యాలయంలో నివాసం ఏర్పరచుకున్న ఒక స్త్రీ కథ రాసిన అమెరికన్ రచయిత్రి యుడోరా వెల్టీ పేరే దానికి పెట్టారు. 1991 తర్వాత అది క్వాల్‌కామ్ సంస్థ చేతికి వెళ్లింది. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ దాని మార్కెట్టును మింగేసింది. 2006లో క్వాల్‌కామ్ చేతులెత్తేసింది.

ఆ పోటీ మిగిల్చిన పాఠం ఒకటుంది. యుడోరా ఉత్తరాలను దాదాపు మామూలు అక్షరాల ఫైళ్లలా దాచేది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా వాటిని మరో ప్రోగ్రాం చదవగలిగింది. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఒక్కో పెట్టెనూ తనకు మాత్రమే తెలిసిన రూపంలో ఒకే పెద్ద ఫైలుగా కట్టేది. అది 2 జీబీ పరిమితికి చేరితే చెడిపోయేది. చెడితే ఏళ్ల ఉత్తరాలు ఒక్కసారిగా పోయేవి. పైగా 2000 మే నెలలో ప్రేమలేఖ రూపంలో వచ్చిన వైరస్ మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ చిరునామా పుస్తకాల మీదుగానే ప్రపంచాన్ని చుట్టింది. అందరి ఇంట్లో ఒకే తాళం ఉంటే ఒక్క మారుతాళం చాలునని అప్పుడు తెలిసింది.

తెలుగువారికి ఇంకో చిక్కు. యూనికోడ్ తొలి సంచికలో, 1991లోనే, తెలుగు లిపికి స్థానం దక్కినా అది ఇంటి కంప్యూటర్లకు చేరింది విండోస్ ఎక్స్‌పీ వచ్చాకనే. అంతదాకా అమెరికాలోని తెలుగువారు హ్యూస్టన్ నగరపు రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకున్నారు. ఇక్కడివారు కొందరు ప్రత్యేక ఫాంట్లు వాడారు. ఇంగ్లీషు అక్షరాల తెలుగు ఇప్పటికీ చదవవచ్చు. ఫాంటు పోయిన ఉత్తరం మాత్రం అర్థంలేని గుర్తుల వరుసగా మిగిలింది. దాచుకోవడం ఒక్కటే చాలదు. రేపు చదవగలిగే రూపంలో దాచుకోవాలి.

ఉచిత గిడ్డంగి

1996 జూలై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ హాట్‌మెయిల్ ప్రారంభించారు. చండీగఢ్‌లో పుట్టి బెంగళూరులో పెరిగిన భాటియా పేరు భారతీయ పత్రికలకు అప్పటి నుంచి సుపరిచితం. మరుసటి ఏడాది డిసెంబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని సుమారు 40 కోట్ల డాలర్లకు కొన్నది. రీడిఫ్, యాహూ అదే బాట పట్టాయి. ఈ పరిణామాన్ని ఒక మోసంగా చూడడం అన్యాయం. సొంత కంప్యూటర్ లేని నిరుద్యోగి ఇంటర్నెట్ కేంద్రంలో గంటకింత చెల్లించి ఉద్యోగ దరఖాస్తు పంపుకోగలిగాడంటే అది ఈ సేవల పుణ్యమే. ఇల్లు లేనివాడికి అవి చిరునామా ఇచ్చాయి.

2004 ఏప్రిల్ 1న గూగుల్ ఒక జీబీ స్థలం ఉచితంగా ఇస్తానంది. హాట్‌మెయిల్ అప్పటికి ఇస్తున్నది 2 ఎంబీ. ఏప్రిల్ ఫూల్ హాస్యమని చాలామంది అనుకున్నారు. హాస్యం కాదని తేలాక ఉత్తరాలు ఇంటికి తెచ్చుకునే అలవాటే పోయింది. స్థలం నిండదు, తొలగించనక్కరలేదు, వెతికితే దొరుకుతుంది. ఇక పెట్టె ఎందుకు?

ఎందుకన్నది 2013 జూన్‌లో తెలిసింది. ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాల్లో మైక్రోసాఫ్ట్, యాహూ, గూగుల్ పేర్లు అమెరికా నిఘా కార్యక్రమం ప్రిజంకు సమాచారం అందిన సంస్థల జాబితాలో కనిపించాయి. భారత ప్రభుత్వం 2015 ఫిబ్రవరిలో ఈమెయిల్ విధానం ప్రకటించి, అధికారిక ఉత్తరాలు జాతీయ సమాచార కేంద్రం సేవ ద్వారానే నడవాలన్నది. 2025 అక్టోబరులో హోంమంత్రి అమిత్ షా తన చిరునామాను చెన్నై సంస్థ జోహో మెయిల్‌కు మార్చినట్టు ప్రకటించారు. నయారా కూడా ఆ జూలైలో రీడిఫ్ వైపు మళ్లినట్టు వార్తలు వచ్చాయి.

గిడ్డంగి స్వదేశీ అయితే బ్రస్సెల్స్ నిర్ణయానికి తాళం పడదు. ఆ మేరకు అది మేలే. కానీ స్వదేశీ గిడ్డంగికి స్వదేశీ చట్టం వర్తిస్తుంది. 2008 డిసెంబరులో, ముంబై దాడుల తర్వాతి వాతావరణంలో, పార్లమెంటు పెద్దగా చర్చ లేకుండా సమాచార సాంకేతిక చట్టాన్ని సవరించింది. సవరించిన 69వ సెక్షన్ ప్రయాణంలో ఉన్న సమాచారంతో పాటు నిల్వ ఉన్న సమాచారాన్నీ రాబట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇస్తుంది. 2018 డిసెంబరు 20న హోంశాఖ పది సంస్థలకు ఆ అధికారం ఇస్తూ ఉత్తర్వు జారీచేసింది. జైల్ సింగ్ ఆపిన బిల్లు ఆశించినదాని కంటే ఎంతో విస్తృతమైన అధికారమిది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. కానీ గిడ్డంగి యజమానికి వచ్చే ఉత్తర్వు రహస్యం. ఉత్తరం సొంతదారుకు ఆ సంగతి తెలియదు. ఇంటికి వచ్చే అధికారి తలుపు తట్టాలి. పౌరుడి దృష్టిలో ఈ రెంటికీ ఉన్న తేడా చిన్నది కాదు.

గిడ్డంగికి రాజకీయంతో నిమిత్తం లేని గండాలూ ఉన్నాయి. రెండేళ్లు వాడకుండా ఉన్న వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది. తండ్రి పోయాక ఆయన ఖాతా తెరిచేవారు లేకపోతే, ఆయన ఉత్తరాలకు మిగిలే ఆయుష్షు రెండేళ్లే.

ఎంపికలో అడగవలసిన ప్రశ్నలు

కాబట్టి ఇంటికి ప్రోగ్రాం ఎంచుకునేవారు రంగులూ హంగులూ చూసే ముందు మూడు ప్రశ్నలు వేయాలి.

మొదటిది: ఇది ఉత్తరాన్ని ఎక్కడ పెడుతుంది? డెస్క్‌టాప్ మీద బొమ్మ కనిపించినంత మాత్రాన ఉత్తరం డెస్క్ మీద ఉన్నట్టు కాదు. విండోస్‌తో ఉచితంగా వచ్చే కొత్త ఔట్‌లుక్‌లో ఇతర సంస్థల ఖాతాను చేరిస్తే, ఆ ఉత్తరాల ప్రతి మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోకి కూడా చేరుతుందని ఆ సంస్థే తెలియజేస్తోంది. అంటే ఉన్న గిడ్డంగికి తోడు రెండో గిడ్డంగి.

రెండోది: ఏ రూపంలో దాస్తుంది? ఎంబాక్స్, ఈఎంఎల్ వంటి బహిరంగ రూపాలను చాలా ప్రోగ్రాంలు చదవగలవు.

మూడోది: దీన్ని మూసేయగలిగింది ఎవరు? మైక్రోసాఫ్ట్ ఇంటి వాడకందారుకు 1997లో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, 2007లో విస్టాతో విండోస్ మెయిల్, తర్వాత విండోస్ లైవ్ మెయిల్, 2012లో విండోస్ 8తో మెయిల్ యాప్ ఇచ్చింది. ఆ చివరిదాని సేవ 2024 డిసెంబరు 31తో ముగించి కొత్త ఔట్‌లుక్ చేతిలో పెట్టింది. ప్రతి మార్పులోనూ కొందరి పాత ఉత్తరాలు దారిలో జారిపోయాయి.

ఈ మూడింటికీ మెరుగైన జవాబు థండర్‌బర్డ్. దాని వంశం నెట్‌స్కేప్‌ది. 1998లో నెట్‌స్కేప్ తన మూలసంకేతాన్ని లోకానికి వదిలేసినప్పుడు పుట్టిన మొజిల్లా ఉద్యమం నుంచి 2004 డిసెంబరు 7న దాని తొలి పూర్తి సంచిక వచ్చింది. 2012లో మొజిల్లా దాన్ని దాదాపు పక్కనపెట్టింది. మూలసంకేతం బహిరంగం కాబట్టి స్వచ్ఛంద కార్యకర్తలు నిలబెట్టారు. నేడు ప్రధానంగా వాడకందారుల విరాళాల మీద నడుస్తోంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా పనిచేస్తుంది. తెలుగు యూనికోడ్‌ను చక్కగా చూపుతుంది. మ్యాక్ వాడేవారికి యాపిల్ మెయిల్, లినక్స్ వాడేవారికి ఎవల్యూషన్ కూడా తగినవే. రెండూ ఉత్తరాలను ఎంబాక్స్ రూపంలో బయటికి ఇస్తాయి.

అమరిక

అమర్చడం ఇప్పుడు అరగంట పని. పేరు, చిరునామా, పాస్‌వర్డ్ ఇస్తే చాలా సేవల సర్వర్ వివరాలను ప్రోగ్రామే కనుక్కుంటుంది. కనుక్కోలేకపోతే చేత్తో ఇవ్వాలి: ఐమ్యాప్‌కు 993 పోర్టు, పాప్‌కు 995, పంపడానికి ఎస్‌ఎంటీపీకి 465 లేదా 587. అన్నింటికీ ఎస్‌ఎస్‌ఎల్ లేదా స్టార్ట్‌టీఎల్‌ఎస్ రక్షణ తప్పనిసరి. జీమెయిల్ వంటి సేవలు మామూలు పాస్‌వర్డ్‌ను నేరుగా ఒప్పుకోవు. సొంత లాగిన్ పేజీ చూపి ఓఆత్ పద్ధతిలో అనుమతి తీసుకుంటాయి, లేదా రెండంచెల భద్రత పెట్టుకున్నవారికి విడిగా యాప్ పాస్‌వర్డ్ ఇస్తాయి.

అసలు నిర్ణయం ఐమ్యాప్, పాప్ మధ్య. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ చూసేవారికి ఐమ్యాప్ సుఖం. అయితే ఐమ్యాప్ ప్రతి అద్దంలో బింబం వంటిది. సర్వర్‌లో ఉత్తరం తొలగితే ఇంట్లోనూ తొలగుతుంది. ఖాతా ఖాళీ అయిపోతే ఇక్కడి పెట్టె కూడా ఖాళీ అవుతుంది. చాలామంది దీన్ని బ్యాకప్ అనుకుని మోసపోతారు. కాబట్టి ఐమ్యాప్ పెట్టుకున్నవారు ముఖ్యమైన ఉత్తరాలను థండర్‌బర్డ్‌లోని లోకల్ ఫోల్డర్లలోకి నకలు చేసుకోవాలి. అవి సర్వర్‌తో సంబంధం లేకుండా ఇంటి డిస్కులోనే ఉంటాయి. పాప్ ఎంచుకున్నవారు సర్వర్‌లో ప్రతి ఉంచాలా, వద్దా అన్న గడిని ఆలోచించి నింపాలి. కొత్తలో ఉంచడమే క్షేమం. ఇంటి ప్రతి సక్రమంగా ఉందని, దానికి బ్యాకప్ ఉందని తేలాక గిడ్డంగి ఖాళీ చేయవచ్చు.

ఇప్పటికే పోగుపడిన పాత ఉత్తరాలకు వేరే దారి ఉంది. గూగుల్ టేకౌట్ ద్వారా ఖాతా మొత్తాన్ని ఎంబాక్స్ ఫైలుగా తెప్పించుకోవచ్చు. ప్రోగ్రాం తన ప్రొఫైల్ ఫోల్డర్ ఎక్కడ దాస్తుందో చూసుకుని, నెలకొకసారి ప్రోగ్రాం మూసి, దాన్ని బయటి డిస్కులోకి నకలు తీసుకోవాలి. బయటి డిస్కు కంప్యూటర్ పక్కనే ఉంటే దొంగకు రెండూ ఒకేసారి దొరుకుతాయి. మరో గదిలో, వీలైతే మరో ఇంట్లో ఉంచాలి. ఇంట్లో ఒక కంప్యూటర్‌ను నలుగురు వాడితే ఒక్కొక్కరికీ విడి లాగిన్ ఉండాలి. గోప్యత ప్రభుత్వం ముందే కాదు, ఇంట్లోనూ వర్తిస్తుంది.

సొంత పెట్టెకూ కాపలా కావాలి

ఇంతా చెప్పి, ఉత్తరం ఇంట్లో ఉంటే ఇక భయం లేదనడం నిజాయితీ కాదు. భీమా కోరెగావ్ కేసులో రోనా విల్సన్ కంప్యూటర్ నకలును పరిశీలించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో వెలువడిన నివేదికలో ఒక సంగతి చెప్పింది. 2016 జూన్ 13న కవి వరవరరావు ఈమెయిల్ ఖాతాను వాడుతున్న ఎవరో పంపిన ఉత్తరంలోని జోడింపు తెరవడంతో ఆ యంత్రం పరాధీనమైందని, తర్వాత దానిలో ఫైళ్లు చొప్పించారని ఆ నివేదిక సారాంశం. జాతీయ దర్యాప్తు సంస్థ దీన్ని అంగీకరించలేదు. కేసు న్యాయస్థానం పరిధిలో ఉంది. ఎవరి వాదన నిలిచినా, తెలిసినవారి పేరుతో వచ్చిందన్న నమ్మకంతో జోడింపు తెరవకూడదన్నది ప్రతి ఇంటికీ వర్తించే హెచ్చరిక. దూరపు సర్వర్ నుంచి బొమ్మలు దింపుకోవడాన్ని థండర్‌బర్డ్ ముందే ఆపి ఉంచుతుంది. దాన్ని అలాగే ఉంచాలి. తెలియని జోడింపు కనిపిస్తే పంపినవారికి ఫోను చేసి అడగాలి.

ఇంటి యంత్రాన్ని పోలీసులు పట్టుకుపోయే ప్రమాదమూ ఉంది. పాత్రికేయుల ఫోన్లు, కంప్యూటర్ల స్వాధీనంపై దాఖలైన పిటిషన్‌ను విచారిస్తూ 2023 నవంబరు 7న సుప్రీంకోర్టు, దర్యాప్తు సంస్థలకు హద్దులేని అధికారం ప్రమాదకరమని, మార్గదర్శకాలు రూపొందించాలని కేంద్రానికి చెప్పింది. ఈలోగా పౌరుడు చేయగలిగినవి రెండు: డిస్కుకు ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవడం, మరోచోట ఇంకో ప్రతి ఉంచుకోవడం. యంత్రం పోయినా ఉత్తరం మిగలాలి; ఉత్తరాలు మార్చారన్న అనుమానం వస్తే పోల్చి చూడడానికి రెండో ప్రతి ఉండాలి.

1986లో ఒక రాష్ట్రపతి సంతకం పెట్టకుండా ఆపినందువల్ల పోస్టుమాన్ తెచ్చే కవరుకు కొన్నేళ్ల రక్షణ దొరికింది. ఆ రక్షణ కూడా ఇప్పుడు మారిపోయింది. 2023 తపాలా చట్టం 1898 చట్టాన్ని రద్దు చేసి, ఉత్తరాలను అడ్డగించే అధికారాన్ని కొత్త మాటల్లో తిరిగి రాసింది. ఈమెయిల్‌కు అలాంటి రాష్ట్రపతి ఎన్నడూ దొరకలేదు. పార్లమెంటులో చర్చ జరగాలని అడగడం పౌరుడి హక్కు. అది జరిగే దాకా ఇంటి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం, బీరువాలో ఒక డిస్కు, నెలకొక అరగంట కేటాయించడం అతని చేతిలో ఉన్న పని. దూలానికి వేలాడిన ఇనుప తీగ ఖరీదు కూడా అణాల్లోనే ఉండేది. తగాదా వచ్చిన రోజున ఆ కుటుంబాన్ని నిలబెట్టింది ఆ తీగే.